కడుపులోని దొంగలు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గము నల్లగొండ జిల్లాలో నార్కట్‌పల్లి దాటిన పిదప కట్టంగూర్ మీదుగా నకిరేకల్ వైపు సాగిపోవును. మార్గమున కిరువైపుల ఎఱ్ఱని చల్క నేలలు, నడుమ నడుమ బండలు, అక్కడక్కడ తాటిచెట్లు కానవచ్చును. వానకారు రాగానే చెరువుల క్రింది మళ్లు పచ్చబడును. చేలలో ప్రత్తి, తోటలలో బత్తాయి పండును. తెల్లవారగనే గొల్లలు, కురుమలు తమ గొఱ్ఱెల మందలను మేపునకు తోలుకొని పోవుదురు.

ఈ కాపరుల వాడుకలో "నట్టలు" అను మాట యొకటి కలదు. గొఱ్ఱె మేత మేయుచునే నానాటికి చిక్కిపోయినచో, దాని రోమముల నిగనిగ తగ్గి దవడ క్రింద నీరు దిగినచో, "దీనికి నట్టలు పడినవి" అని కాపరి చూడగనే చెప్పును. అట్టి సమయమున అతడు చిక్కిన గొఱ్ఱెకు మాత్రమే మందు పోసి ఊరకుండడు. మందనంతటిని దొడ్డిలో నిలిపి, ఒక్కొక్కదాని నోరు తెఱచి మందు పోయించును. ఒక గొఱ్ఱె పెంటికలతో నేల రాలిన క్రిముల గ్రుడ్ల వలన పుట్టినవి గడ్డి నాశ్రయించి తక్కిన గొఱ్ఱెల కడుపున చేరునని అతడు అనుభవము వలన ఎఱుగును.

గొఱ్ఱెల కడుపున చేరు నట్టల వంటివే మనుష్యుల కడుపునను చేరును. వానిని నులిపురుగులని పిలుతురు. గొఱ్ఱెపిల్లల యెడ కాపరి చూపు శ్రద్ధ మనుష్యుల పిల్లల యెడ చాలకాలము వఱకు ఎవరును చూపలేదు. ఆ శ్రద్ధ ఏల అవసరమైనదో, అది ఎట్లు కలిగినదో విద్యార్థులు తెలిసికొనదగిన విషయము.

మట్టి మూలమున సంక్రమించు నులిపురుగులలో ముఖ్యమైన తెగలు మూడు. మొదటిది ఏలికపాము. ఇది చూచుటకు వానపామును పోలియుండును. ఆడుది 20 నుండి 35 సెంటీమీటర్ల వఱకు పెరుగును. మగది కొంత చిన్నది. రెండవది కొరడాపురుగు. దీని దేహములో ఒక భాగము దారము వలె సన్నగను, మఱియొక భాగము కొరడా పిడి వలె లావుగను ఉండుటచే దీని కాపేరు వచ్చెను. ఇది సుమారు 4 సెంటీమీటర్ల పొడవుండి పెద్దప్రేగులో నివసించును. మూడవది కొంకిపురుగు. దీని పొడవు ఒక సెంటీమీటరు మాత్రమే. తల కొంకి వలె వంగియుండును. ఆకారమున మిక్కిలి చిన్నదైనను, కీడు చేయుటలో ఇదియే పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము భూమిపై సుమారు 150 కోట్ల మంది ఈ మూడు తెగలలో ఏదో యొకదాని వాత బడియున్నారు. వారిలో అధికసంఖ్యాకులు పేదదేశముల ప్రజలు.

ఈ పురుగులు కడుపులోనికి ఎట్లు చేరును? బెల్లము, మిఠాయిలు ఎక్కువగా తినిన పిల్లల కడుపున పురుగులు పుట్టునని మన పల్లెలలో పెద్దలు చెప్పుట కలదు. ఇది పొరపాటు. తీపి వలన పురుగు పుట్టదు. పురుగు మఱియొక పురుగు పెట్టిన గ్రుడ్డు నుండియే పుట్టును. ఆ గ్రుడ్డు మఱియొక మనుష్యుని కడుపు నుండి వచ్చినదే యగును.

ఏలికపాము కథను చూడుడు. ఒక ఆడ ఏలికపాము దినమునకు సుమారు 2 లక్షల గ్రుడ్లు పెట్టగలదు. అవి కంటికి కానరానంత సూక్ష్మమైనవి. అవి మలముతో వెలువడును. ఆరుబయట మలవిసర్జన జరిగిన చోట నేలలో కలిసిపోవును. వెలువడిన వెంటనే ఆ గ్రుడ్లు ఎవరికిని హాని చేయజాలవు. వెచ్చదనమును, తేమయు, నీడయు గల మట్టిలో రెండు మూడు వారములు పడియున్న పిదప వానిలో పిల్లపురుగు తయారగును. గ్రుడ్డు పైపెంకు మిక్కిలి గట్టిది. అనుకూలమైన నేలలో సంవత్సరముల తరబడి చెడకుండును. అట్టి మట్టిలో ఆడుకొనిన బాలుని గోళ్లలోనికి అవి చేరును. చేతులు కడుగుకొనకుండ అన్నము తినినపుడు అన్నముతోపాటు కడుపులోనికి పోవును. కడుగని కాయగూరల మీదను, ఆకుకూరల మీదను, త్రాగునీటిలోను కలిసి కూడ పోవును.

చిన్నప్రేగులో గ్రుడ్డు పగిలి పిల్లపురుగు బయటకు వచ్చును. అది ఉన్నచోటనే ఉండక, ప్రేగుగోడను తొలుచుకొని రక్తములో ప్రవేశించును. కాలేయము మీదుగా ఊపిరితిత్తులను చేరి అచట పది పదునాలుగు దినములు పెరుగును. పిదప శ్వాసనాళము గుండ ప్రాకి గొంతును చేరును. మనుష్యుడు గుటక వేసినపుడు మరల కడుపులోనికి జాఱి, చిన్నప్రేగులో స్థిరపడి పెద్దదగును. గ్రుడ్డు నోట చేరిన దినము మొదలు ఆ పురుగు తాను గ్రుడ్లు పెట్టుటకు రెండు మూడు మాసములు పట్టును. ఒకటి రెండు సంవత్సరములు అది ప్రేగులో నివసించి, మనుష్యుడు తిన్న ఆహారములో తన భాగమును కాజేయుచుండును. కొన్ని వేళల పెక్కు పురుగులు ఉండకట్టి ప్రేగునే మూసివేయును. అపుడు శస్త్రచికిత్స చేయక తప్పదు.

కొంకిపురుగు మార్గము వేఱు. దీని గ్రుడ్డు తేమగల నేలలో ఒకటి రెండు దినములలోనే పగులును. పిల్లపురుగు మట్టిలో మరి కొన్ని దినములు పెరిగి, ఎవరి పాదమైనను తగులునా అని కాచుకొనియుండును. చెప్పులు లేని కాలు సోకగనే చర్మమును తొలుచుకొని లోనికి దూరును. దూరిన చోట దురద పుట్టును. పిదప రక్తముతోపాటు ఊపిరితిత్తులకును, అచట నుండి గొంతునకును, తుదకు చిన్నప్రేగునకును చేరును.

కొంకిపురుగు చర్మము గుండ దూరునను సత్యము విచిత్రమైన రీతిలో బయటపడెను. ఇటలీ దేశములోని మిలాను నగరమున ఆంజెలో దుబీని అను వైద్యుడు 1838లో ఒక శవపరీక్షయందు ఈ పురుగును మొదట కనుగొనెను. అది ప్రేగును ఎట్లు చేరుచున్నదో అటుపిమ్మట అఱువది యేండ్ల వఱకు స్పష్టముగ తెలియలేదు. 1898 ప్రాంతమున ఆర్థర్ లూస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈజిప్టు దేశపు కైరో నగరమున ఈ పురుగుల పిల్లలతో పరిశోధనలు చేయుచుండగా, పిల్లపురుగులున్న నీటిచుక్క ఆయన చేతిపై ఒలికెను. అచట దురద పుట్టి చర్మము ఎఱ్ఱబడెను. ఆయన దానిని తుడిచివేసి ఊరకుండక, ఇట్లేల జరిగెనా అని యోచించెను. కొంతకాలమునకు తన మలమును తానే పరీక్షించుకొని చూడగా అందు కొంకిపురుగు గ్రుడ్లు కనబడెను. నోటి ద్వారముననే గాక పాదముల ద్వారమునను శత్రువు ప్రవేశించునని లోకమునకు అప్పుడు తెలిసినది.

కొంకిపురుగు ప్రేగుగోడను పట్టుకొని రక్తమును పీల్చును. మన ప్రాంతములలో ఎక్కువగా కనబడు తెగకు చెందిన ఒక్క పురుగు వలన దినమునకు పోవు రక్తము సుమారు 0.03 మిల్లీలీటర్లు. ఇది చుక్క కంటె తక్కువ. లెక్కింపదగినది కాదని తోచును. అయితే లెక్క వేసి చూడుడు. ఒక బాలుని కడుపున నూరు పురుగులున్నచో దినమునకు 3 మిల్లీలీటర్లు పోవును. మాసమునకు 90 మిల్లీలీటర్లు, సంవత్సరమునకు దాదాపు 1,100 మిల్లీలీటర్లు అగును. 25 కిలోల బరువు గల బాలుని దేహమున ఉండు రక్తము మొత్తము సుమారు 2 లీటర్లు. అనగా ఒక్క యేటిలో సగమునకు మించిన రక్తమును ఆ పురుగులు హరించుచున్నవి. పోయిన రక్తమునకు బదులు దేహము క్రొత్త రక్తమును చేసికొనగలదు. దానికి ఇనుము అవసరము. ఆకుకూరలు, పప్పుదినుసులు, మాంసము చాలినంతగా లభింపని యింట ఆ ఇనుము ఎచట నుండి వచ్చును? ఆదాయము తక్కువై ఖర్చు ఎక్కువైన సంసారము వలె దేహము అప్పుల పాలగును. దీనినే రక్తహీనత యందురు.

అట్టి బాలుడు తరగతిలో ఎట్లుండును? అతని కన్నుల లోపలి భాగమున ఎఱ్ఱదనము తగ్గి పాలిపోయి యుండును. నాలుగడుగులు పరుగెత్తగనే ఆయాసము వచ్చును. ఉపాధ్యాయుడు చెప్పు పాఠముపై మనస్సు నిలువదు. కునికిపాట్లు పడుచుండును. ఒక్కొక్కనికి మన్ను తినవలెనను కోరిక పుట్టును. మన్ను తినుటచే మరికొన్ని గ్రుడ్లు కడుపున చేరును. వారమునకు రెండు దినములు బడికి రాకుండును. తోటివారు అతనిని సోమరి యందురు. తల్లిదండ్రులు "వీనికి చదువు అబ్బదు" అని తీర్మానించి బడి మాన్పింతురు. ఆ బాలుని నిజమైన దోషమేమియు లేదు. అతని అన్నమును, రక్తమును కడుపులోని దొంగలు దోచుకొనుచున్నారు. దొంగలు లోపల నుండగా దోపిడీకి గుఱియైన వానినే దూషించుట న్యాయమా?

నులిపురుగులకు నేల యొక్క స్వభావముతో గట్టి సంబంధము కలదు. కట్టంగూర్ పరిసరములు మెట్టప్రాంతములు. వేసవిలో ఎండ తీవ్రతకు చల్క నేల పెనము వలె కాగును. అట్టి నేలపై కొంకిపురుగు పిల్లలు బ్రతుకజాలవు. అందుచే ఈ పురుగులు తేమగల తావులలోనే నిలువగలవు. వానకారున తడిసిన చల్క, చెరువుకట్ట దిగువ, వరిమళ్ల గట్లు, బావి యొడ్డు, తోటల నీడ, ఇండ్ల వెనుక మురికినీరు నిలుచు చోటులు వానికి అనువైన స్థానములు. ప్రజలు బహిర్భూమికి పోవు స్థలములు కూడ నీడయు నీరును గల ఇట్టి తావులే అయినచో పురుగులకు అంతకు మించిన సౌకర్యము వేఱు లేదు. పగలెల్ల పొలములో వట్టికాళ్లతో పనిచేయు కూలివారికిని, వారి వెంట పోవు పిల్లలకును అపాయము ఎక్కువ.

మన పూర్వులు ఈ వ్యాధిని ఎఱుగక పోలేదు. చరకసంహిత వంటి ఆయుర్వేద గ్రంథములలో క్రిముల ప్రస్తావన కలదు; క్రిములను హరించు ఔషధములలో వాయువిడంగములను ముఖ్యముగా చెప్పిరి. ఒక్కొక్క రోగికి చికిత్స చేయుట ప్రాచీనకాలము నుండియు ఉన్నది. ఊరినంతటిని, బడినంతటిని ఒక్కమారుగా పురుగుల బాధ నుండి తప్పింపవలెనను యత్నము మాత్రము ఇరువదవ శతాబ్దమున మొదలయ్యెను.

1909లో అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో రాక్‌ఫెల్లర్ అను ధనవంతుని విరాళముతో ఒక సంఘము ఏర్పడెను. అచటి పల్లెలలో పరీక్షించి చూడగా బడిపిల్లలలో నూటికి సుమారు 40 మంది కొంకిపురుగుల వాత బడినట్లు తేలెను. ఆ సంఘము వారు ఊరూర వైద్యశిబిరములు పెట్టి మందు లిచ్చిరి. మరుగుదొడ్లు కట్టుకొనవలసినదిగ ప్రజలకు బోధించిరి. మందు తిన్న పిమ్మట ఆ ప్రాంతములలో బడికి వచ్చు పిల్లల సంఖ్య పెరిగినదని తరువాతి పరిశోధకులు లెక్కలతో చూపిరి. సోమరులని పేరుపడిన దక్షిణప్రాంతపు పేదలు నిజమునకు రోగులని అప్పుడు అచటి వారికి తెలియవచ్చెను. పిదప 1920ల దశకమున మన మద్రాసు రాజధానిలోను ఈ రోగ నివారణకు యత్నములు జరిగినవి.

ఆసియా ఖండమున జపాను దేశము చేసిన పని ప్రశంసింపదగినది. 1949 నాటికి ఆ దేశమున పరీక్షింపబడిన వారిలో సగమునకు మించి ఏలికపాములు గలవారే. మనుష్యుల మలమును కూరగాయల తోటలకు ఎరువుగ వాడుట దీనికి ముఖ్యకారణము. జపాను ప్రజలు పాఠశాలలను ఆధారముగ చేసికొని పిల్లల మలమును పరీక్షింపించి, పురుగులున్న వారికి మందిచ్చి, ఆ యెరువు వాడుకను మాన్పిరి. ఒక్క తరము గడచునప్పటికి ఆ దేశమున ఏలికపాము అరుదైపోయెను. దక్షిణ కొరియా దేశము 1966లో దీనికై ప్రత్యేకముగ ఒక చట్టము చేసి, 1969 నుండి ఏటికి రెండుమారులు బడిపిల్లలను పరీక్షింపించుచు, 1990ల నాటికి అదే ఫలితమును సాధించెను. ఈ దేశములు ధనవంతములైన పిదప పురుగులను తఱిమినవని భావింపరాదు. ఇవి ఈ యత్నమును ఆరంభించునాటికి పేదదేశములే.

2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఒక తీర్మానము చేసెను. పురుగుల బాధ గల ప్రాంతములలో బడియీడు పిల్లలలో నూటికి కనీసము 75 మందికి క్రమముగ మందు అందవలెనని దాని సారాంశము. ఆ కాలముననే ఆఫ్రికా ఖండములోని కెన్యా దేశమున, బుసియా ప్రాంతమున 1998 నుండి 75 పాఠశాలలలో ఒక పరిశోధన జరిగెను. ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ అను అర్థశాస్త్రజ్ఞులు దాని ఫలితములను 2004లో ప్రకటించిరి. మందు తిన్న బడులలో పిల్లల గైరుహాజరు నాలుగవ వంతు తగ్గినదనియు, మందు తినని సమీప గ్రామముల పిల్లలకు కూడ కొంత మేలు జరిగినదనియు వారు వ్రాసిరి. చదువునకును ఎదుగుదలకును కలుగు మేలు ఎంత యను విషయమున పండితులలో తరువాత వాదోపవాదములు జరిగినవి. నేటికిని అవి ముగియలేదు. పురుగులు అధికముగ నున్న బిడ్డకు వానిని తొలగించుట మేలను విషయమున మాత్రము భేదాభిప్రాయము లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2009లో పాఠశాలల ద్వారా పిల్లలకు నులిపురుగుల మందు ఇచ్చు కార్యక్రమము మొదలయ్యెను. 2010 నవంబరు 14వ తేదీన, అనగా బాలల దినోత్సవము నాడు, జవహర్ బాల ఆరోగ్య రక్ష అను పథకము ఆరంభమై, బడిపిల్లల ఆరోగ్య పరీక్షలతోపాటు ఈ పని కూడ అందు చేరెను. 2015 ఫిబ్రవరి 10వ తేదీన భారత ప్రభుత్వము జాతీయ నులిపురుగుల నివారణ దినమును కొన్ని రాష్ట్రములలో మొదటిసారి జరిపించెను. 2016లో దానిని దేశమంతటికిని విస్తరింపజేసెను. నాటినుండి సాధారణముగ ఫిబ్రవరి, ఆగస్టు మాసములలో ఒక సంవత్సరము మొదలు 19 సంవత్సరముల వయస్సు వఱకు గల పిల్లలందఱికిని అంగన్‌వాడీ కేంద్రములలోను, పాఠశాలలలోను, కళాశాలలలోను మాత్ర లిచ్చుచున్నారు. ఆ దినమున రాలేకపోయిన వారికి మఱియొక దినము నిర్ణయింతురు.

ఆ మాత్ర పేరు ఆల్బెండజోల్. ఒక మాత్రలో 400 మిల్లీగ్రాముల మందుండును. ఒకటి, రెండు సంవత్సరముల మధ్య వయస్సు గల శిశువులకు సగము మాత్రను పొడిచేసి నీటిలో కలిపి యిత్తురు. పెద్దపిల్లలు దానిని నమిలి మ్రింగవలెను. ఉపాధ్యాయులు తమ యెదుటనే తినిపింతురు, ఇంటికి పట్టుకొనిపోనీయరు. ఈ మందు మొదట గొఱ్ఱెలకును, పశువులకును వాడుకలోనికి వచ్చినది. పిమ్మట మనుష్యులకు ఉపయోగపడినది. కాపరి మందను కాపాడిన ఔషధమే బడిపిల్లలను కాపాడుచున్నదన్న మాట.

ఈ మందు పురుగు దేహములోని సూక్ష్మమైన అమరికను చెఱచి, అది చక్కెరను గ్రహింపకుండ చేయును. ఆహారము లేక పురుగు క్షీణించి చచ్చి మలముతో వెలువడును. మందులో అధికభాగము రక్తములో కలియకుండ ప్రేగులోనే యుండుటచే మనుష్యునకు హాని స్వల్పము. ఏలికపాములపై ఇది బాగుగ పనిచేయును. కొంకిపురుగులను కూడ చాలవఱకు తొలగించును. కొరడాపురుగులపై దీని బలము కొంత తక్కువ.

ఈ దినము సమీపించినపుడు కొందఱు తల్లిదండ్రులు భయపడుదురు. మాత్ర తిన్న పిల్లలు కొందఱు కడుపునొప్పి యనియు, తల తిరుగుచున్నదనియు, వాంతి వచ్చుచున్నదనియు చెప్పుట కలదు. పురుగులు ఎక్కువగ నున్న పిల్లలకే ఇట్లగుట సామాన్యము. ఆ పిల్లలను నీడను పరుండబెట్టి మంచినీరు త్రాగించినచో కొంతసేపటికి తేఱుకొందురు. బాధ తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. ఆనాటికే జ్వరము మొదలగు జబ్బుతో నున్న బిడ్డకు మాత్ర ఇయ్యరాదు. స్వస్థత చేకూరిన పిదప ఇయ్యవలెను. ఈ విషయములను ముందుగనే ఇంటింట చెప్పినచో పుకార్లకు తావుండదు. చెప్పక దాచినచో ఒక్క బిడ్డ వాంతి చేసికొనిన వార్త ఊరెల్ల ప్రాకి, మరుసటి మారు పదిమంది తల్లులు తమ బిడ్డలను బడికే పంపకుందురు.

"మా బిడ్డకు పురుగులు లేవు, ఆరోగ్యముగనే యున్నాడు, వానికేల మాత్ర?" అని అడుగువారు కలరు. ఇది అడుగదగిన ప్రశ్నయే. దీనికి సమాధానము మూడు విధములు. పురుగులు కొద్దిగ నున్నపుడు పైకి ఏ లక్షణమును కనబడదు. ఒక్కొక్క బిడ్డ మలమును పరీక్షించుటకు అగు ఖర్చు మాత్ర ఖరీదు కంటె ఎన్నియో రెట్లు అధికము. అన్నిటికంటె ముఖ్యమైన కారణము రైతుబిడ్డలకు సులభముగ బోధపడును. ఒక రైతు తన చేనిలోని కలుపు నంతయు పెఱికివేసెను. గట్టు కావల ప్రక్కచేని వాడు కలుపు తీయకుండెను. ఆ కలుపు పూచి, కాచి, విత్తనము రాల్చెను. గాలికి ఆ విత్తనములు వచ్చి మొదటి రైతు చేనిలో మొలకెత్తెను. అట్లే ఊరిలో ఒక్క బిడ్డ కడుపున పురుగులు మిగిలినను, వాని గ్రుడ్లు అందఱు నడచు నేలపైననే పడును. అందఱును ఒక్కసారి కలుపు తీసినపుడే చేలు శుభ్రపడును.

అయితే మాత్ర ఒక్కటియే చాలునా? చాలదు. మాత్ర కడుపులోని పురుగును చంపును. మట్టిలోని గ్రుడ్డును చంపదు. మాత్ర తిన్న బాలుడు మరునాడే వట్టికాళ్లతో అదే మట్టిలో నడచి, చేతులు కడుగుకొనకయే అన్నము తినినచో కొన్ని మాసములలో మరల మునుపటి స్థితికే వచ్చును. ఏటికి రెండుమారులు మాత్ర ఇయ్యవలసి వచ్చుటకు కారణమిదియే. ఇందొక ఆశాజనకమైన విషయము కూడ కలదు. ఈ మూడు తెగల పురుగులును మనుష్యుని కడుపులో గ్రుడ్లు పెట్టునే గాని, ఆ గ్రుడ్లు కడుపులోనే పెరిగి పెద్దవి కాజాలవు. ప్రతి పురుగును బయటి మట్టి నుండి రావలసినదే. కావున మలము మట్టిలో కలియకుండ చేసినచో పురుగుల వంశమే అంతరించును. 2014 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన స్వచ్ఛ భారత్ కార్యక్రమము క్రింద పల్లెలలో ఇంటింట మరుగుదొడ్లు నిర్మింపబడినవి. కట్టిన మరుగుదొడ్డిని కట్టెలు, పిడకలు దాచుకొనుటకు వాడినచో పురుగులకు ఏ నష్టమును లేదు. ఇంటిలోని ముసలివారు మొదలు పసివారి వఱకు అందఱును, అన్ని ఋతువులలోను దానిని వాడినపుడే ప్రయోజనము.

ఇట్టి పని సాధ్యమా యని సందేహించు వారికి మన దేశమే ఒక నిదర్శనము చూపినది. నారికురుపు అను భయంకర వ్యాధిని వృద్ధులు ఎఱుగుదురు. మెట్లబావులలోని నీటిలో నుండు సూక్ష్మజీవుల మూలమున అది సంక్రమించెడిది. ఏడాదికి మూరెడుకు మించిన పొడవు గల పురుగు కాలి చర్మమును చీల్చుకొని వెలికి వచ్చెడిది. రోగి పొలమునకు పోలేడు. పిల్లవాడు బడికి పోలేడు. ఆ వ్యాధి వ్యాపించిన ఏడు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశము ఒకటి. దానికి మందు లేదు, టీకా లేదు. త్రాగునీటిని గుడ్డతో వడకట్టుట, మెట్లబావులలో దిగకుండ చేయుట, గొట్టపుబావులు త్రవ్వించుట, రోగిని నీటిలో కాలు పెట్టనీయకుండుట అను సామాన్యమైన ఉపాయములతోనే దేశము దానిపై పోరాడెను. 1996లో రాజస్థానమున చివరి రోగి కనబడెను. 2000లో భారతదేశము నారికురుపు నుండి విముక్తి పొందినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. మందే లేని పురుగును గుడ్డపేలికతో జయించిన జనులకు, మందున్న పురుగును జయించుట అసాధ్యము కాదు.

ఈ పోరాటములో విద్యార్థులు చేయదగిన పనులు కలవు. భోజనమునకు ముందును, మలవిసర్జన పిదపను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. మధ్యాహ్న భోజనపు గంట మ్రోగినపుడు పళ్లెము కొఱకు పరుగెత్తుటకు ముందు నీటికుళాయి వద్దకు పోవుట అలవాటు చేసికొనవలెను. గోళ్లు వారమున కొకసారి కత్తిరించుకొనవలెను. బయట తిరుగునపుడు చెప్పులు తొడుగుకొనవలెను. జామకాయ గాని, క్యారెట్టు గాని, టమాటా గాని మంచినీటితో కడిగి తినవలెను. త్రాగునీటి కుండపై మూత యుంచవలెను. ఇంటిలో చిన్న తమ్ములకును చెల్లెండ్రకును ఈ అలవాట్లు నేర్పవలెను. బడికి రాని పొరుగింటి బిడ్డను మాత్ర ఇచ్చు దినమున వెంట తీసికొని రావలెను. ఆ బిడ్డయే అందఱికంటె ఎక్కువ బాధపడుచుండవచ్చును. బడి రిజిస్టరులో పేరు లేనందున వానిని ఎవరును పిలువరు.

సాయంకాలము కట్టంగూర్ పొలిమేరలలో కాపరి మందను ఇంటికి మఱలించునపుడు దొడ్డి వాకిట నిలిచి గొఱ్ఱెలను ఒక్కొక్కటిగ లెక్కించుకొనును. ఒక్కటి తగ్గినను అతనికి నిద్రపట్టదు. వెనుకకు పోయి వెదకి తెచ్చును. మాత్ర లిచ్చు దినమున ప్రతి ఊరును తన పిల్లలను అట్లే లెక్కించుకొనవలెను.